వరసలక్క వేసిన లెక్క

ఆవిడ షాపుకి వెళ్ళి బొత్తాలు మాత్రమే కొనుక్కుని బయటపడ్డ మనిషి ఇంకా పుట్టలేదు. చొక్కాకి నాలుగు బొత్తాలని వెళ్ళినవాడు ఒక పెదనాన్నతోనో ఇద్దరు బావమరుదులతోనో తిరిగొచ్చేవాడు. "ఏదీ, ఆ చొక్కా ఇటివ్వండి" అని అందుకుని, బొత్తం ఊడిన చోట బొటనవేలు పెట్టి, వెనకున్న అరల్లోంచి సరిగ్గా ఆ డబ్బానే లాగేది. మూత తీసేలోపే అడిగేది, "మీ అమ్మగారి పుట్టిల్లెక్కడండీ?"

పాపం వాళ్ళు ఏదో మర్యాదకి చెప్పేవారు. అమ్మ పుట్టిల్లు చెబితే అమ్మమ్మ పుట్టిల్లు అడుగుతుంది. అదీ చెప్పారా, ఇక అంతే సంగతులు. కళ్ళు సగం మూసుకుని, పెదాలు కదుపుతూ, మీ ముత్తాతల్నీ వాళ్ళ తోడికోడళ్ళనీ వరసపెట్టి లేపుకొచ్చి, చివరికి కౌంటరు మీద చప్పుడయ్యేలా చరిచి, "అయితే మీరు నాకు బాబాయి అవుతారు!" అనేది. ఆ బాబాయికి ఆవిడకన్నా ఇరవయ్యేళ్ళు తక్కువుంటే మాత్రం ఏం? వరస వరసే.

ఒకసారి ఇద్దరు ఆడవాళ్ళు ఆఖరి ఆకుపచ్చ లేసు చుట్ట కోసం చెరో కొస పట్టుకుని లాక్కుంటున్నారు. ఈవిడ మధ్యలో దూరి, నాలుగు ప్రశ్నలడిగి, వాళ్ళిద్దరూ ఒకరికొకరు తోడికోడళ్ళ వరస అవుతారని తేల్చేసింది. దాంతో గొడవ ఆగుతుందనుకుంది పిచ్చి మనిషి. వాళ్ళు నిజంగా తోడికోడళ్ళలాగే ఇంకో గంట పోట్లాడుకున్నారు.

ఆ వీధిలో అందరూ ఆవిడని వరసలక్క అనేవారు. అసలు పేరు షాపు బోర్డు మీద ఉండేది కానీ, ఎండకి రంగు పోయాక ఎవరూ చదవలేదు.

షాపు సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉండేది. రెండు పక్కలా నేలనుంచి పైకప్పుదాకా అరలు, ప్రతి అరలో అట్టడబ్బాలు, ప్రతి డబ్బా మొహాన లోపల ఏముందో తెలియడానికి ఒక బొత్తం కుట్టి ఉండేది. జిప్పులు మేకులకి వేలాడేవి. కౌంటరు అంచున ఒక టేపు మేకులు కొట్టి బిగించి ఉండేది, ఎలాస్టిక్ కొలవడానికి. వెనక ఆవిడ గది. మేడ మీద తమ్ముడి కుటుంబం. తమ్ముడు స్కూలు బస్సు నడిపేవాడు. అతని భార్య ఆస్పత్రిలో నర్సు. వాళ్ళమ్మాయి, అంటే మన వరసలక్క మేనకోడలు, ఒక లాయరు దగ్గర జూనియరుగా చేరి కొత్త నల్లకోటు మోజులో ఉండేది. ఆ కోటుకి బొత్తాలు కుట్టింది కూడా అత్తే.

వరసలక్కకి పెళ్ళయిన కొద్దికాలానికే భర్త జబ్బుచేసి పోయాడు. పిల్లల్లేరు. "పాపం, ఒంటరిది" అని ఎవరైనా అన్నారా, ఒంటికాలి మీద లేచేది. "ఒంటరిదాన్నా? నాకు ఈ ఊళ్ళోనే నలుగురు పెదనాన్నలున్నారు, తెలుసా!" అనేది. అందులో ఇద్దరికి ఆ సంగతి తెలీదనుకోండి, అది వేరే విషయం.

ఇంట్లోవాళ్ళూ చుట్టాలూ పెళ్ళి సంబంధం ఏదైనా వస్తే ముందు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. "అక్కా, వరస కలుస్తుందా?" అని అడిగేవారు. కలుస్తుందంటే ముందుకి, కాదంటే వెనక్కి. ఆవిడ మాటకి ఎదురు లేదు.

మెకానిక్ ఆ వీధిలోకి వచ్చింది అలాంటి రోజుల్లోనే.

ఎదురు సందులో కుట్టుమిషన్లు బాగుచేసే షాపు ఒకటి తెరిచాడు. యాభై దాటిన మనిషి, పొడగరి, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ మిషన్ నూనె. మాట్లాడటానికి మహా పిసినారి. మొదటిరోజు బాబిన్ల కోసం వచ్చాడు. బాబిన్లు చేతికి రాకముందే ప్రశ్న వచ్చింది. అమ్మ పుట్టిల్లు చెప్పాడు. అమ్మమ్మ పేరు చెప్పాడు. వరసలక్క చేతిలో బాబిన్ అలాగే ఆగిపోయింది.

"ఆవిడకో చెల్లెలుండేది కదూ? పెళ్ళయ్యాక రాకపోకలు లేకుండా పోయిన చెల్లెలు?"

"ఉండేదట. నేను చూళ్ళేదు."

"ఆవిడే మా అమ్మమ్మ! మీ అమ్మమ్మా మా అమ్మమ్మా సొంత అక్కచెల్లెళ్ళయ్యా! అంటే మీ అమ్మా మా అమ్మా పెద్దమ్మ, పిన్ని బిడ్డలు. అంటే నువ్వు... నువ్వు నాకు అన్నయ్యవి!"

సంబరం పట్టలేక బాబిన్లు మరో రెండు ఎక్కువే పెట్టింది. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. టైలర్లూ, టీ కొట్టువాడూ, పేపరువాడూ, అందరూ మెకానిక్‌ని "అన్నయ్యా" అనడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం "అలాగా" అని, బాబిన్లు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. ఆయన మధ్యాహ్నం పని కాస్త తగ్గాక ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. ఈవిడ రెండు గ్లాసులు కడిగిపెట్టేది. ఆయన కత్తెరలకి పదును పెట్టిచ్చేవాడు. ఈవిడ మిషన్ పాడైన ప్రతివాళ్ళనీ ఆయన దగ్గరికి పంపేది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఏంటంటే, ఆవిడ ఫలానా వాళ్ళ మనవరాలి ఆడపడుచు మరిది కథ మొదలుపెడితే, ఆవలించకుండా చివరిదాకా విన్న మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే. పైగా మధ్యలో "ఆ మరిది, ఇందాక చెప్పిన కళ్ళజోడు ఆయనేనా?" అని అడిగేవాడు. అలా అడిగినప్పుడు వరసలక్కకి ప్రాణం లేచొచ్చేది.

ఆయనకి పెళ్ళి కాలేదు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఆ వయసు దాటించేశాడు. తల్లి పోయాకే ఈ ఊరొచ్చాడు. ఈ సంగతి ఆవిడ లాగితే వచ్చింది, అది కూడా మూడు విడతల్లో.

మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు ఆయన షాపులో కూచుని ఆవిడ పాత మిషన్‌కి నూనె వేస్తున్నాడు. ఈవిడ ముత్యాల బొత్తాల డబ్బా దించుతోంది.

"నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"చెప్పన్నయ్యా."

"ముందు ఆ అన్నయ్య మానెయ్."

"అయ్యో, ఎందుకు?"

"మనిద్దరం పెళ్ళి చేసుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. నీకెలా ఉంది?"

డబ్బా చేతిలోంచి జారింది. ముత్యాల బొత్తాలన్నీ కౌంటరు కిందా, అరల కిందా, గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద కూచుని ఏరడం మొదలుపెట్టారు. ఆవిడ మొహం కందగడ్డలా అయింది.

"ఛీ ఛీ! వావివరసలు లేవా? అన్నయ్యవై ఉండి ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?"

"నన్ను అన్నయ్యని చేసింది నువ్వు. చేసేముందు నన్నడిగావా?"

"అడిగేదేంటి? ఉన్నది చెప్పాను!"

"నేను ఈ మూడేళ్ళలో నిన్ను ఒక్కసారైనా చెల్లీ అన్నానా?"

ఆవిడ బొత్తాలు ఏరడం ఆపింది. అనలేదు. నిజంగానే అనలేదు. "ఇదిగో" అనేవాడు, "చూడు" అనేవాడు, లేకపోతే ఏమీ అనకుండా గ్లాసు ముందుకు జరిపేవాడు. అన్ని వరసలు తెలిసిన మనిషికి ఈ ఒక్కటీ ఇన్నాళ్ళూ చెవికెక్కలేదు.

మెకానిక్ ఏరిన బొత్తాలు డబ్బాలో పోసి, మిషన్‌కి మిగిలిన ఒక్క స్క్రూ బిగించి, "నిదానంగా ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు.

ఇక చూడండి ఆవిడ అవస్థ. మింగలేక కక్కలేక. ఆయనంటే ఇష్టమా అంటే, ఇష్టమే. అందులో దాపరికం ఏముంది? ఆ ఫ్లాస్కు కౌంటరు మీద కనపడకపోతే ఆవిడకి రోజు గడిచినట్టే ఉండేది కాదు. కానీ ఎవరు తవ్వారు ఈ గొయ్యి? తనే తవ్వింది. తను తవ్వుకున్న గోతిలో తనే పడింది, పైగా వీధి వీధంతా చూస్తుండగా.

అయితే ఆవిడ అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. చుట్టరికానికి ఒకటే దారుంటుందా? అటునుంచి అన్నయ్య అయితే ఇటునుంచి బావ అయ్యే దారి ఉండకపోతుందా? పగలు బొత్తాలు అమ్ముతూ, ఖాళీ దొరికినప్పుడల్లా దారులు వెతికింది. ఆయన నాన్న తరఫు నుంచి వచ్చింది, కుదరలేదు. తన నాన్న తరఫు నుంచి వెళ్ళింది, దారి మధ్యలో తెగిపోయింది. ఆఖరికి పోయిన భర్త మేనత్త తోడికోడలి వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చి చూస్తే, మెకానిక్ తాతయ్య అయ్యాడు. ఆ దారి వెంటనే మూసేసింది.

అప్పుడు చట్టం గుర్తొచ్చింది. వరస కాదన్నా చట్టం అవునంటే, కనీసం ఆ కొస పట్టుకోవచ్చు కదా అనుకుంది. మేడ మీద భోజనాల దగ్గర మేనకోడల్ని కదిపింది.

"మా షాపుకి ఒకావిడ వస్తుందే. ఆవిడకి దూరపు చుట్టం ఒకాయన్ని చేసుకోవాలని ఉందిట. చట్టం ఒప్పుకుంటుందా?"

మేనకోడలు మర్నాటి కేసు కాగితాలు చదువుతూ తింటోంది. తలెత్తకుండానే చెప్పింది. "అమ్మ తరఫు నుంచి మూడు తరాలు, నాన్న తరఫు నుంచి ఐదు తరాలు పైకి వెళ్ళి చూస్తారత్తా. ఆ లోపల ఇద్దరికీ ఒకే పూర్వీకులు తగిలితే సపిండులంటారు. ఆ పెళ్ళి చెల్లదు. ఆచారం ఉన్నవాళ్ళకైతే వేరే."

"మూడో తరంలో తగిలితే?"

"మూడు కూడా లోపలే." ఈలోపు లాయరుగారి ఫోనొచ్చి ఆ పిల్ల పళ్ళెం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది.

వరసలక్క కిందికొచ్చి కౌంటరు మీద బొత్తాలు పెట్టుకుని లెక్కవేసింది. గోధుమరంగుది అమ్మ. బూడిదరంగుది అమ్మమ్మ. తెల్లది అమ్మమ్మ వాళ్ళమ్మ, ఆవిడే మెకానిక్ అమ్మమ్మకీ అమ్మ. ఒకటి, రెండు, మూడు. మూడుకి మూడూ సరిపోయాయి. లోపలే. ఇంకొక్క తరం పైకి జరిగుంటే ఏం పోయేది ఆ మహాతల్లికి అని ఎప్పుడూ చూడని ఆ ముసలావిడ మీద ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారాక తెల్ల బొత్తాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు వీధి దాటి మెకానిక్ షాపుకి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడింది.

"చట్టం కూడా ఒప్పుకోదట. మా మేనకోడలే చెప్పింది."

ఆయన చేతిలో ఉన్న సూది బిగించే స్క్రూ పక్కన పెట్టాడు. గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో.

"చట్టమే వద్దంటే ఇక మాటేముంది? తప్పు నాదే. మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా" అన్నాడు.

మూడేళ్ళలో మొదటిసారి అన్నాడు. వరసలక్క జీవితంలో ఎంతమందికి ఎన్ని వరసలు కలిపిందో లెక్కలేదు, అందులో ఏ ఒక్కటీ ఇంత బాధ పెట్టలేదు. గిరుక్కున తిరిగి వచ్చేసింది.

ఆ తరవాత ఫ్లాస్కు రావడం ఆగిపోయింది. కొన్నాళ్ళకి టైలరు ఒకడు వార్త మోసుకొచ్చాడు. పక్క ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే ఉద్యోగం దొరికిందట, అన్నయ్య షాపు ఎత్తేస్తున్నాడట, నెలాఖరుకి వెళ్ళిపోతాడట. వరసలక్క "మంచిదేగా" అంది. అని, వాడు రెండు కన్నాల బొత్తాలడిగితే నాలుగు కన్నాలవి కట్టిచ్చింది.

అప్పటినుంచి అన్నీ తప్పులే. జిప్పు అడిగితే హుక్కులు ఇచ్చేది. అంతకన్నా ఘోరం, ఎవరినీ వాళ్ళమ్మ పుట్టిల్లు అడగడం మానేసింది. వీధి అంతా గాభరా పడిపోయింది. ఒకావిడ దారం కొనుక్కుని గుమ్మం దాకా వెళ్ళి, ఉండబట్టలేక వెనక్కి వచ్చి, "ఏమండీ, మా అమ్మమ్మది ఏ ఊరో అడగరేంటండీ?" అంది. "ఏదో ఒక ఊరే అయ్యుంటుంది లెండి" అంది వరసలక్క.

మరదలు నర్సు కదా, మనిషి మొహం చూసి జ్వరం ఎంతో చెప్పగలదు. కానీ ఇది థర్మామీటరుకి అందే జ్వరం కాదని తెలిసిపోయింది. "వెళ్ళి మీ అత్త సంగతేంటో కనుక్కో" అని కూతుర్ని కిందికి తోసింది.

మేనకోడలు వచ్చి కౌంటరు అవతల స్టూలు లాక్కుని కూచుంది. "అత్తా, మీ షాపుకొచ్చే ఆవిడ ఎలా ఉంది?"

"ఏ ఆవిడ?"

"అదే, దూరపు చుట్టాన్ని చేసుకుందామనుకున్న ఆవిడ."

వరసలక్క ఏదో అబద్ధం ఆడబోయింది. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఇక దాచేదేముంది, అంతా చెప్పేసింది. ముత్యాల బొత్తాల దగ్గర్నుంచి చెల్లెమ్మ దాకా. మేనకోడలు కళ్ళు గుండ్రంగా చేసుకుని విని, "అన్నయ్యా? మన ఎదురు సందు అన్నయ్యా?" అని నోరు మూసుకుంది. తరవాత లాయరు అయింది. "లెక్క ఎలా వేశావో నాకు చూపించు" అంది.

మళ్ళీ బొత్తాలు వచ్చాయి. గోధుమరంగు, బూడిదరంగు, తెలుపు. "అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ. మూడు."

"మరి నువ్వేవి ఇందులో?"

"నేనా?"

"నువ్వే. ఏ బొత్తం నువ్వు?"

"నేనెందుకుంటానే? లెక్కపెట్టేదాన్ని నేను. ఉండాల్సినవాళ్ళు పైవాళ్ళు."

మేనకోడలు తల పట్టుకుంది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో అత్తా! ఆ రోజు ఫోనొచ్చి సగంలో లేచి వెళ్ళిపోయాను, తప్పు నాది. చట్టంలోనే ఉంది. ఎవరి గురించి చూస్తున్నామో ఆ మనిషినే మొదటి తరంగా లెక్కపెట్టాలి. లెక్క నీతో మొదలవుతుంది."

వెనక్కి తిరిగి, అరలు వెతికి, కోట్లకి కుట్టే పెద్ద ఎర్ర బొత్తం ఒకటి తెచ్చి గోధుమరంగు బొత్తానికి ముందు పెట్టింది. "ఇది నువ్వు. ఒకటి. అమ్మ రెండు. అమ్మమ్మ మూడు. చట్టం గీసిన గీత ఇక్కడ అయిపోయింది. ఆ తెల్ల బొత్తం నాలుగు, గీత బయట. ఆయన వైపు నుంచి లెక్కపెట్టినా అంతే. ఆయన ఒకటి, వాళ్ళమ్మ రెండు, వాళ్ళ అమ్మమ్మ మూడు, ఈ ముసలమ్మ నాలుగు. మీరిద్దరూ సపిండులు కారు."

"మరి అన్నాచెల్లెళ్ళం కదే?"

"సొంత అన్నాచెల్లెళ్ళు పనికిరారు. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు, అన్నాచెల్లెళ్ళ పిల్లలు, వాళ్ళ గురించి చట్టం విడిగా చెప్పింది. మీ ఇద్దరి అమ్మలు అక్కచెల్లెళ్ళా? కాదు. అమ్మమ్మలు. నువ్వు పిలిచే పిలుపుతో చట్టానికి పనిలేదత్తా. నువ్వు పొద్దున్న పాలవాడిని మామయ్యా అంటావు."

వరసలక్క ఆ ఎర్ర బొత్తాన్ని చేతిలోకి తీసుకుంది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఎవరెవరినో లెక్కపెట్టింది. వాళ్ళ పెళ్ళిళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లల అత్తవారిళ్ళు. ఆ జాబితాల్లో ఎక్కడా తను లేదు. కావాలని మానేసింది కాదు, తట్టలేదు అంతే. ఇప్పుడు తట్టేసరికి సంతోషమో దుఃఖమో తెలీని ఒక కుదుపు వచ్చింది.

"షాపు చూస్తూ ఉండు" అని మేనకోడలితో చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది.

మెకానిక్ మిషన్ల తలలు గోనెగుడ్డల్లో చుట్టి కట్టలు కడుతున్నాడు.

"నాలుగు!" అంది గుమ్మంలోంచే, రొప్పుతూ.

"ఏం నాలుగు?"

"తరాలు! మూడు కాదు, నాలుగు. నన్ను నేను లెక్కపెట్టుకోవడం మర్చిపోయాను!"

ఆయనకి అర్థం కావడానికి ఆవిడ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అర్థమయ్యాక చేతిలో తాడు వదిలేసి, వీధి అవతలికి వినపడేలా నవ్వాడు. ఆ మనిషి అలా నవ్వగలడని ఎవరికీ తెలీదు. "ఈ లెక్క మళ్ళీ మారదు కదా?" అన్నాడు.

"మారదు."

"అయితే మీ తమ్ముడికి చెప్పు. దొంగతనంగా నాకేదీ వద్దు."

అంతే, ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. తమ్ముడి సంగతి ఆవిడ అప్పటిదాకా ఆలోచించలేదు.

ఆ సంగతేంటో చెప్పాలి. తమ్ముడు కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఆ అమ్మాయీ ఒప్పుకుంది. వరసలక్క కళ్ళు సగం మూసుకుని లెక్కవేసి, అమ్మమ్మల వైపు నుంచి చెల్లెలి వరస అవుతుందని తేల్చింది. తమ అమ్మమ్మకున్న ఇంకో చెల్లెలి కూతురి కూతురు. తమ్ముడు ఆ సంబంధం వదులుకున్నాడు. కొన్ని రోజులు అన్నం సరిగ్గా తినలేదు, తరవాత తిన్నాడు, ఇంకో రెండేళ్ళకి అక్క చూపించిన నర్సమ్మాయిని చేసుకున్నాడు. ఆ విషయం మళ్ళీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అదే లెక్కతో, అదే అమ్మమ్మల వైపు నుంచి, తనకి పెళ్ళి కావాలని అక్క వెళ్ళి అడగాలి. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఆదివారం మధ్యాహ్నం మేడెక్కింది. వాన పడుతోంది. మెకానిక్ కూడా వస్తానన్నాడు కానీ, "నేను పిలిచేదాకా రావద్దు" అని కింద ఆపేసింది. తమ్ముడు బస్సు డ్యూటీ బూట్లకి పాలిష్ వేస్తున్నాడు. మరదలు స్టవ్ దగ్గరుంది. మేనకోడలు కాగితాలు పక్కన పెట్టి నిటారుగా కూచుంది.

వరసలక్క నిలబడే చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. తమ్ముడు బ్రష్ ఆపలేదు. అంతా అయ్యాక కూతురి వైపు తిరిగి, "ఆ లెక్క ఎలా వేస్తారు?" అన్నాడు.

మేనకోడలు చెప్పింది. తమ్ముడు బూటు కింద పెట్టి, నల్లరంగు అంటిన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. తను. అమ్మ. అమ్మమ్మ. నాలుగో వేలు మడిచి దాన్నే చూస్తూ కూచున్నాడు. అతను ఎవరి లెక్క వేస్తున్నాడో గదిలో అందరికీ తెలుసు.

"అంటే అప్పుడు కూడా..." అన్నాడు.

"అప్పుడు కూడా నాలుగేరా" అంది వరసలక్క. "నన్ను నేను లెక్కపెట్టుకోనట్టే, నిన్నూ లెక్కపెట్టలేదు. నీ మనసులో ఏముందో కూడా అడగలేదు. అడిగే హక్కు నాకు లేదురా. ఇది నాకొద్దు. నీకు దక్కనిది నాకెందుకు? ఆయన్ని వెళ్ళిపొమ్మంటాను."

అని నిజంగానే మెట్లవైపు తిరిగింది.

"ఆగండి వదినా!" మరదలు గరిటె పట్టుకునే వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది. "బాగానే ఉంది మీ అక్కాతమ్ముళ్ళ వరస! ఆ రోజు మీరు సరిగ్గా లెక్కపెట్టి ఉంటే నేనెక్కడ ఉండేదాన్ని? ఈ పిల్ల ఎక్కడ ఉండేది? మీ లెక్క తప్పినందుకు నేను ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో మీకు తెలీదు. మీ తమ్ముడి సంగతి మాత్రం నాకు తెలీదు. ఏమండీ, చెప్పండి, మీకేమైనా బాధ మిగిలుందా? మొహమాటపడకండి."

గరిటె తమ్ముడి మొహానికి సూటిగా ఉంది. తమ్ముడు గరిటెనీ, పెళ్ళాన్నీ, కూతుర్నీ ఒకరి తరవాత ఒకరిని చూశాడు. మీసం కింద నవ్వు ఆగలేదు.

"బాధే! నీ సంబంధానికి కూడా అక్కని బతిమాలి ఒక లెక్క తప్పు వేయించుకోనందుకు" అన్నాడు. మరదలు గరిటెతో ఒకటి తగిలించింది. మేనకోడలు పగలబడి నవ్వింది.

నవ్వు తగ్గాక తమ్ముడు లేచి అక్క దగ్గరికి వచ్చాడు. "నాకు అప్పుడు కోపం వచ్చిందక్కా. లేదని అనను. ఒక ఏడాది ఉంది. తరవాత ఈ మనిషి వచ్చింది, ఆ కోపం ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను. నువ్వు ఇన్నేళ్ళూ కిందగదిలో ఒక్కదానివే పడుకుంటున్నావు. అది మాత్రం నేను ఏ రోజూ మర్చిపోలేదు."

వరసలక్క పాలిష్ అంటిన తమ్ముడి చేతిని రెండు చేతులా పట్టుకుంది.

తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఆ కింద వానలో నిలబడ్డదెవరు?"

"ఆయనే. షాపు చూరు కింద ఉండమన్నాను."

"చూరు కిందెక్కడున్నాడు? రోడ్డు మధ్యలో నిలబడి మన కిటికీ వంక చూస్తున్నాడు. ముద్దయిపోయాడు."

కిటికీ రెక్క బార్లా తెరిచి, తల బయటికి పెట్టి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా కేకపెట్టాడు.

"బావా!"

టీ కొట్టు కింద తలదాచుకున్నవాళ్ళందరూ తలెత్తారు. మెకానిక్ కూడా, ఎవరినో పిలుస్తున్నారనుకుని, అటూ ఇటూ చూశాడు.

"మిమ్మల్నే బావా! తడుస్తూ అక్కడ నిలబడ్డారేంటి? పైకి రండి!"

కింద ఆ మనిషి రెండు చేతులూ ఏం చేసుకోవాలో తెలీనట్టు ఒక్క క్షణం అలాగే నిలబడి, తరవాత మెట్లవైపు పరుగెత్తాడు. వరసలక్క కళ్ళు తుడుచుకుని, పొడి తువ్వాలు కోసం లోపలి గదిలోకి వెళ్ళింది.